32 గంటలు ఎక్కడివి?

షిఫ్ట్ చార్ట్ వేసేవాడికి ఫ్యాక్టరీలో ఒక రకం దర్జా ఉంటుంది. ఎవడికి సంక్రాంతి ఇంట్లో, ఎవడికి రియాక్టర్ పక్కన అన్నది తేల్చేది వాడే. ఆ దర్జా నాకు నెత్తికెక్కింది. హైదరాబాదు పొలిమేరల్లో ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో ప్రొడక్షన్ చూసుకునే రోజుల్లో నేనో చార్ట్ తయారుచేశాను. ఎక్సెల్‌లో రంగురంగుల గళ్ళతో వేసి, ప్రింట్ తీసి, లామినేషన్ చేయించి, టైమాఫీసు గోడకి నా చేత్తోనే అంటించాను. ఒక్క మనిషిని కూడా పెంచకుండా, రూపాయి ఓటీ ఇవ్వకుండా, 8 రోజులకోసారి ప్రతి ఆపరేటర్‌కీ వరసగా 80 గంటల సెలవు వచ్చే చార్ట్ అది. నా బుర్రకి నేనే దిష్టి తీసుకోవాలన్నంత మురిసిపోయాను. ఆ మురిపెం లెక్క ఇప్పుడు విప్పాలి. నా తెలివితక్కువతనం ఆ గళ్ళలోనే దాక్కుంది.

మా దగ్గర ప్లాంట్ ఆగదు. పొద్దున 6 నుంచి మధ్యాహ్నం 2 దాకా ఏ షిఫ్ట్, 2 నుంచి రాత్రి 10 దాకా బీ షిఫ్ట్, 10 నుంచి తెల్లారి 6 దాకా సీ షిఫ్ట్. వారానికి 168 గంటలు, నాలుగు గ్యాంగులు, మనిషికి సగటున 42 గంటలు. నేను రాకముందు నుంచీ ఒక పద్ధతి నడుస్తోంది: రెండ్రోజులు ఏ, రెండ్రోజులు బీ, రెండ్రోజులు సీ, ఆ తర్వాత ఆఫ్. ఏడో రోజు తెల్లారి 6కి సీ షిఫ్ట్ దిగితే తొమ్మిదో రోజు పొద్దున 6కి మళ్ళీ ఏ ఎక్కాలి. మధ్యలో 48 గంటలు. అందులో మొదటి పగలు నిద్రకే సరిపోతుంది. మా ఆపరేటర్లలో సగం మంది శ్రీకాకుళం జిల్లా కుర్రాళ్ళు. ఆ 48 గంటల్లో ఊరికి వెళ్ళిరావడమంటే పలాసలో రైలు దిగి, అమ్మ పెట్టింది నాలుగు ముద్దలు తిని, మళ్ళీ రైలెక్కడమే. “ఇదేటి సెలవు సార్, రైల్లోనే అయిపోతంది” అని వాళ్ళు వాపోతుంటే వినేవాణ్ణి. విని ఊరుకోకపోవడమే నేను చేసిన ఘనకార్యం.

వరస తిరగేశాను. ముందు రెండు బీలు, ఆ పైన రెండు ఏలు, చివర రెండు సీలు. అవే 6 షిఫ్టులు, అదే 8 రోజుల చక్రం, అదే 48 గంటల పని. కాకపోతే రెండో బీ షిఫ్ట్ రాత్రి 10కి దిగినవాడు మర్నాడు పొద్దున 6కే ఏ షిఫ్ట్‌కి వచ్చేయాలి. రెండో ఏ షిఫ్ట్ మధ్యాహ్నం 2కి దిగినవాడు అదే రాత్రి 10కి సీ ఎక్కాలి. ఇలా కుదిస్తే ఆరో రోజు తెల్లారి 6కల్లా ఆరు షిఫ్టులూ అయిపోతాయి. తొమ్మిదో రోజు మధ్యాహ్నం 2 దాకా గేటు మొహం చూడక్కర్లేదు. అటక మీద డబ్బాలు అటూ ఇటూ జరిపి ఇంకో బస్తాకి చోటు చేసినట్టు గళ్ళు జరిపాను. 48 గంటల సెలవు 80 గంటలైంది. ఆ అదనపు 32 గంటలు ఎక్కడినుంచి ఊడిపడ్డాయని నన్నెవరూ అడగలేదు. నేనూ నన్ను అడుక్కోలేదు.

పైగా అందరినీ కూర్చోబెట్టి, ఇది కావాలా పాతది కావాలా అని చేతులెత్తించాను. ఎత్తని చెయ్యి లేదు. ఒకడు పలాస జీడిపప్పు పొట్లం తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. జీఎం గారు మీటింగులో నా పేరు చెప్పారు. అందరికీ ఇష్టమైనది, కంపెనీకి ఖర్చు లేనిది, నా పేరు మీద ఉన్నది. ఇంతకంటే ఏం కావాలి? అడిగినవాడికి అడిగింది ఇవ్వడమే న్యాయమని నేను నమ్మిన రోజులవి. ఎప్పుడూ జనరల్ షిఫ్ట్‌లో 9 గంటలకి వచ్చి, ఇంటికెళ్ళి ఏసీ వేసుకుని పడుకునేవాడు ఆ న్యాయం చేశాడన్నది వేరే సంగతి.

కొన్నాళ్ళకి చిన్నచిన్నవి మొదలయ్యాయి. కంపెనీ బస్సులో నిద్రపోయి స్టాప్ దాటిపోయేవాళ్ళు ఎక్కువయ్యారు. డ్రమ్ముకి ఒక లేబుల్ బదులు ఇంకో లేబుల్. తూకం రాసి సంతకం మరిచిపోవడం. వాల్వ్ మూశామనుకుని మూయకపోవడం. ప్రాణాల మీదికి ఏదీ రాలేదు, అది మా అదృష్టం. మందుల కంపెనీలో ఇలాంటి ప్రతిదానికీ డీవియేషన్ రాయాలి, మూలకారణం రాయాలి, దిద్దుబాటు రాయాలి. అన్నింటికీ నేను రాసింది ఒకటే: మూలకారణం మానవ తప్పిదం, శిక్షణ ఇవ్వబడినది. ఆ శిక్షణ తరగతి పెట్టిందెప్పుడు? మధ్యాహ్నం రెండున్నరకి. ఏ షిఫ్ట్ దిగినవాళ్ళని బస్సెక్కనివ్వకుండా ఆపి, అందులో ఆ రాత్రే సీ షిఫ్ట్‌కి రావాల్సినవాళ్ళని కూడా కూర్చోబెట్టి, మెలకువగా ఉండటం ఎంత అవసరమో గంటసేపు చెప్పాను. ఇద్దరు ముగ్గురు కునుకు తీశారు. వాళ్ళకి క్రమశిక్షణ లేదనుకున్నాను.

ఆడిట్ దగ్గర పడిందని ఒకసారి సీ షిఫ్ట్‌లో రౌండ్స్‌కి వెళ్ళాను. రియాక్టర్ పక్కన స్టీలు టేబుల్ మీద బ్యాచ్ రికార్డు తెరిచి ఉంది. ఆ బ్యాచ్‌ని కొన్ని గంటలపాటు 60 నుంచి 65 డిగ్రీల మధ్య ఉంచాలి, గంటగంటకీ రీడింగ్ రాయాలి. గోడ గడియారంలో 4 దాటి 10 నిమిషాలైంది. 4 గంటల గడిలో 62 అని ఉంది. 5 గంటల గడిలోనూ 62 అని ఉంది, సంతకంతో సహా. ఆ రెండో 62లో రెండు అంకె తోక గడి దాటి, పక్క గడి దాటి, కాగితం అంచుదాకా జారిపోయి ఉంది. ఆ తోక నా కళ్ళబడింది గానీ బుర్రకెక్కలేదు. జరగని రీడింగ్ ముందే రాసేశాడన్నదే కనిపించింది. మా వృత్తిలో అంతకు మించిన నేరం లేదు. ఇలాంటి రాతల వల్లే అమెరికా ఎఫ్‌డీఏ నుంచి వార్నింగ్ లెటర్లు అందుకున్న కంపెనీలు మన దేశంలో ఉన్నాయి.

ఆపరేటర్‌ని పిలిచాను. జీడిపప్పు తెచ్చిన కుర్రాడే.

“ఐదింటి రీడింగ్ ఎప్పుడు రాశావ్?”

“ఐదింటికే సార్.”

“ఇప్పుడు టైమెంత?”

గడియారం వైపు తిరిగాడు. చూస్తూ నిలబడిపోయాడు. “నాలుగేటి సార్? ఐదయిపోనాదనుకున్నాను.”

“నిద్రొస్తోందా?”

“నేదు సార్. బాగానే ఉన్నాను.”

నాటకమనుకున్నాను. నాలుగింటి రీడింగ్ రాశాక నిలబడే ఒక కునుకు పట్టి, ఉలిక్కిపడి లేచి, గంట గడిచిపోయిందనుకుని మీటర్ చూసి రాసి ఉంటాడన్న ఆలోచన నాకు రాలేదు. వాడు ముందురోజు పొద్దున 6కి ఏ షిఫ్ట్ ఎక్కి, మధ్యాహ్నం దిగి, రాత్రి 10కి మళ్ళీ వచ్చాడన్న సంగతి టైమాఫీసు గోడ మీద నా రంగుల్లోనే ఉంది. అది చూడటానికీ వెళ్ళలేదు. పొద్దున్నే మెమో ఇచ్చాను. రీడింగులు ముందుగా నమోదు చేసి రికార్డులను వక్రీకరించారని రాశాను. వక్రీకరించడం అన్న మాట దొరికినందుకు కాస్త సంతోషం కూడా వేసింది.

మెమో అందుకున్నాక వాడు డ్యూటీకి రావడం మానేశాడు. ఫోన్ తీయలేదు. ఒక సాయంత్రం అయిదున్నరకి వాళ్ళ గదికి వెళ్ళాను. వాడు లేడు, ఊరెళ్ళిపోయాడు. గదిలో ఉన్న ఇద్దరూ ఆ రాత్రి సీ షిఫ్ట్ ఎక్కాల్సినవాళ్ళు. రేకుల కప్పు, ఏప్రిల్ నెల. వెలుతురు రాకుండా కిటికీకి పాత ఎన్నికల ఫ్లెక్సీ కట్టారు. చొక్కాలు విప్పి, తడి తువ్వాళ్ళు కళ్ళ మీద వేసుకుని చాప మీద పడుకుని ఉన్నారు. ఇద్దరూ మెలకువగానే ఉన్నారు. సందులో కూరగాయల ఆటో మైకులో ఉల్లిపాయల ధర చెబుతోంది. పక్క వాటాలో కుక్కర్ కూస్తోంది. నన్ను చూసి లేచి లుంగీలు సర్దుకున్నారు.

“పడుకోండి, పడుకోండి” అన్నాను. ఆ మాట అనడానికి నాకు సిగ్గేయాలి, అప్పటికి వేయలేదు.

“నిద్ర రాదు సార్. రెండింటికి దిగితే గదికొచ్చేసరికి మూడున్నర. వండుకు తినేసరికి నాలుగున్నర. ఎనిమిదిన్నరకి మళ్ళీ బస్సు.”

నా చార్ట్‌లో 8 గంటల విరామమని రాసి ఉంది. చాప మీద అది 4 గంటలు. ఆ నాలుగు కూడా ఎలాంటివి? పొద్దుగూకే వేళ నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా మనిషి ఒంటికి నిద్ర పట్టడం మహా కష్టం. ఒంట్లోని గడియారం మెలకువని గట్టిగా పట్టుకునే సమయం అది. నిద్ర మీద పరిశోధన చేసేవాళ్ళు దానికి నిషిద్ధ వేళ అనే పేరే పెట్టారు. సరిగ్గా ఆ వేళని నేను వాళ్ళకి విశ్రాంతి కింద కేటాయించాను.

అప్పటికీ నాకు పూర్తిగా ఎక్కలేదు. ఎక్కడానికి నా ఒంటి మీదికి రావలసి వచ్చింది. ఆడిట్ ముందు రోజు పొద్దున 9కి వచ్చినవాణ్ణి, రికార్డులు సరిచూస్తూ రాత్రంతా కంపెనీలోనే ఉండిపోయాను. తెల్లవారుజామున ఒక్కో పేజీ తిరగేస్తూ ‘చెక్డ్ బై’ దగ్గర సంతకాలు పెట్టుకుంటూ పోయాను. పొద్దున క్యూఏ ఆఫీసరమ్మ ఒక పేజీ పట్టుకుని వచ్చింది. “సార్, ఇది మీరు చూశారా?”

“చూడకుండా పెడతానా?”

ఆవిడ ఏమీ అనకుండా పేజీ నా వైపు తిప్పింది. రీడింగుల కాలమ్ మొత్తం ఖాళీ. కింద నా సంతకం, నిండుగా, తేదీతో.

అందరూ నవ్వారు. సార్ బాగా అలసిపోయారన్నారు. ఎవరో టీ తెచ్చారు. దాన్నీ డీవియేషన్‌గా రాశారు, మానవ తప్పిదమని మూసేశారు. మెమో మాత్రం ఎవరూ ఇవ్వలేదు. మీటర్ చూసి రాసిన రీడింగ్‌కి, గడి తప్పినందుకు, వాడికి వక్రీకరణ. చూడనిదాన్ని చూశానని సంతకం పెట్టిన నాకు అలసట, పైన టీ. ఆ టీ గ్లాసు చేతిలో ఉండగానే ఆ కాగితం మీద జారిపోయిన రెండు అంకె తోక గుర్తొచ్చింది.

అక్కణ్ణుంచి చదవడం మొదలుపెట్టాను. చదవాల్సింది చార్ట్ వేయకముందని వేరే చెప్పక్కర్లేదు. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన లెక్క ఒకటి ఉంది. వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి పనితీరుకి సమానం. 24 గంటలు మేలుకుంటే అది దాదాపు 0.10 దాకా వెళ్తుంది. మన దేశంలో బండి నడిపేవాడికి చట్టం ఒప్పుకునే హద్దు 0.03. తాగి వచ్చినవాణ్ణి మేం గేటు దగ్గరే ఆపేస్తాం. నేను ఆ స్థితిలో సంతకాలు పెట్టాను, వాళ్ళ చేత రియాక్టర్లలోకి సాల్వెంట్లు ఛార్జ్ చేయించాను.

దానికంటే గట్టిగా తగిలింది 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రచురించినది. కొంతమందిని రెండు వారాలపాటు రాత్రికి 6 గంటలే పడుకోనిచ్చారు. రోజురోజుకీ వాళ్ళ చురుకుదనం పడిపోతూ వచ్చి, చివరికి ఒకటి రెండు రాత్రులు అసలు నిద్రే లేనివాళ్ళ స్థాయికి దిగింది. వాళ్ళని అడిగితే మాత్రం కొంచెం మగతగా ఉంది, అంతే అన్నారు. అంటే నిద్ర తక్కువైనప్పుడు ముందు పాడయ్యేది, నిద్ర తక్కువైందని తెలుసుకునే శక్తే. “నిద్రొస్తోందా” అని నేనడిగిన ప్రశ్నకీ, “బాగానే ఉన్నాను” అని వాడిచ్చిన జవాబుకీ, “చూడకుండా పెడతానా” అని నేను కసిరినదానికీ విలువ ఒకటే, సున్నా. అలసట అడిగితే తెలిసేది కాదు. ఎన్నింటికి దిగాడు, ఎన్నింటికి ఎక్కాడు, మధ్యలో బస్సుకెంత, వంటకెంత, పడుకునే గంటలు ఏ వేళవి అని లెక్కకడితే తెలిసేది. ఆ లెక్క కట్టాల్సినవాడు చార్ట్ వేసేవాడు. చేతులెత్తించి ఆ పని తప్పించుకున్నాను.

నా కొత్త చార్ట్ కొత్తది కూడా కాదట. అమెరికాలో విమానాల రాకపోకలు నియంత్రించే కంట్రోలర్లు సాయంత్రం, పొద్దున, అర్ధరాత్రి అని వెనక్కి తిరిగే వరసలోనే ఏళ్ళ తరబడి పనిచేశారు. వాళ్ళకీ అది ఇష్టమే, వాళ్ళకీ చివర దక్కేది 80 గంటల సెలవే. తోక ఆడించే పాము పేరుతో దాన్ని రాట్లర్ అని పిలుచుకునేవారు. 2011లో కంట్రోలర్లు డ్యూటీలో నిద్రపోయిన ఘటనలు ఒకదాని వెంట ఒకటి బయటపడ్డాక, రెండు షిఫ్టుల మధ్య కనీస విరామాన్ని అక్కడి ప్రభుత్వం 8 గంటల నుంచి 9కి పెంచింది. 2024లో 10 గంటలన్నారు, అర్ధరాత్రి షిఫ్ట్‌కి ముందైతే 12 అన్నారు. యూరప్‌లో 2003 నాటి ఆదేశం ప్రకారం రోజుకి కనీసం 11 గంటల ఏకధాటి విశ్రాంతి ఉండాలి. నేను కనిపెట్టిన 8 గంటలు ఎవరో వాడి చూసి పారేసినవి.

వరస ఎటు తిప్పుతామన్నది కూడా ముఖ్యమే. మనిషి ఒంట్లోని గడియారం సగటున 24 గంటలకి కాస్త ఎక్కువే తీసుకుంటుంది. అందుకే ఆలస్యంగా పడుకోవడం తేలిక, పెందలాడే పడుకోవడం కష్టం. పొద్దున నుంచి మధ్యాహ్నానికి, మధ్యాహ్నం నుంచి రాత్రికి జరిపితే ఒళ్ళు కొంతవరకైనా వెంట వస్తుంది. నేను వెనక్కి లాగాను. పాత చార్ట్‌లో ఏ నుంచి బీకి మారేటప్పుడు 24 గంటలు, బీ నుంచి సీకి మారేటప్పుడు 24 గంటలు ఖాళీ ఉండేది. నా చార్ట్‌లో ఆ రెండు చోట్లా 8. ఒక్కో చోట 16, మొత్తం 32. అవీ ఆ 32 గంటలు. కొసన కలిపి సెలవని పేరు పెట్టాను.

చట్టం సంగతి టైమాఫీసులో రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ పెద్దాయన చెప్పారు. అప్పట్లో అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 57వ సెక్షన్ ప్రకారం రాత్రి షిఫ్ట్ అర్ధరాత్రి దాటితే, దాటిన గంటలు కూడా ముందురోజు ఖాతాలోకే వచ్చేవి. 54వ సెక్షన్ రోజుకి 9 గంటలకి మించి పనిచేయించకూడదనేది. పొద్దున ఏ, రాత్రి సీ కలిపితే చట్టం కంటికి ఆ మనిషి ఒకే రోజులో 16 గంటలు పనిచేసినట్టు. ఓటీ లేని చార్ట్ అని నేను చంకలు గుద్దుకున్నదానిలో ప్రతి 8 రోజులకీ మనిషికో ఓటీ ఎగవేత ఉంది.

“ముందే చెప్పొచ్చు కదండీ” అన్నాను.

“చెబుదామనే అనుకున్నాను బాబూ. మీరు లామినేషన్ చేయించేశారు కదా.”

చార్ట్ పీకేశాను. ఏ, బీ, సీ వరసకి మళ్ళీ వచ్చాం. ఎవరితో ఎవరు డ్యూటీ మార్చుకున్నా మధ్యలో 11 గంటలు లేకపోతే స్లిప్ మీద సంతకం లేదు. తెల్లవారుజామున 3 నుంచి 5 దాకా, ఒంటి వేడి అడుగుకి దిగి కళ్ళు మూతలుపడే వేళ, ప్రమాదకరమైన ఛార్జింగులు రాకుండా బ్యాచ్ మొదలుపెట్టే వేళలు జరిపాం. శిక్షణ డ్యూటీ గంటల్లోనే. పలాస ఫోన్ చేసి వాణ్ణి వెనక్కి పిలిపించాను. మెమో రద్దు చేసినట్టు రాసిచ్చాను. కానీ కంపెనీ ఫైల్లోంచి కాగితం తీసే వీల్లేదు, కొత్త కాగితం చేర్చడమే. కాబట్టి వాడి ఫైల్లో నా మెమో అలాగే ఉంది, దాని వెనక నా రద్దు ఉంది.

అందరూ మెచ్చుకున్నారనుకుంటున్నారా? నానా తిట్లూ తిట్టారు. మా 80 గంటలు మింగేశాడన్నారు. జీడిపప్పు మళ్ళీ రాలేదు. మెమో తిన్న కుర్రాడు ఇప్పుడు షిఫ్ట్ ఇన్‌చార్జ్. మొన్న వాడే ఒక కాగితం పట్టుకొచ్చాడు. బీ బీ ఏ ఏ సీ సీ. పెన్సిల్‌తో శుభ్రంగా గళ్ళు కొట్టి ఉంది. “ఆ రాత్రి నీకేమైందో మర్చిపోయావా?” అన్నాను. “మర్చిపోనేదు సార్. అయినా ఊరెళ్ళొద్దేటి? నాయనకి ఒంట్లో బాగోనేదు” అన్నాడు. వాడు అడిగేది తప్పని ఎలా అంటాను? ఊరు దూరంగా ఉన్నవాడికి వరసగా నాలుగు రోజులు కావాలి. తప్పు ఆ నాలుగు రోజులూ వాడి నిద్రలోంచే తీసి వాడికే ఇవ్వడంలో ఉంది.

ఇవ్వడానికి వేరే దారి ఉంది. అయిదో గ్యాంగు ఉంటే ఇదే ముందుకు తిరిగే వరసలో, 10 రోజుల చక్రంలో, మనిషికి 96 గంటల సెలవు వస్తుంది. ఏ రెండు షిఫ్టుల మధ్యా 16 గంటలకి తగ్గదు. అంటే మనుషుల్ని పెంచాలి. నోట్ పెట్టాను. ‘మ్యాన్‌పవర్ కాస్ట్?’ అని మార్జిన్‌లో రాసి తిప్పి పంపారు. ఈసారి ఖర్చు వైపు నుంచి మొదలుపెట్టకుండా పాత డీవియేషన్లన్నీ ముందేసుకుని కూర్చున్నాను. మానవ తప్పిదం అన్న మాట తీసేసి మూడు కాలమ్‌లు గీశాను. పొరపాటు ఎన్ని గంటలకి జరిగింది, ఆ మనిషి దానికి ముందు డ్యూటీ ఎప్పుడు దిగాడు, ఆ రోజు చార్ట్ ఎవరు వేశారు. మొదటి రెండు కాలమ్‌లూ నింపడానికి రికార్డులు వెతకాల్సి వచ్చింది. మూడోదానికి ఆ శ్రమ లేదు, ఒకసారి నా పేరు రాసి కింది గళ్ళన్నిటికీ కాపీ కొట్టాను.